నాన్నకు స్టెంట్ పడింది. సిగరెట్ మానేశారు గానీ నడక, మందులు నిలవట్లేదు. ఎందుకు?

తణుకు అమ్మాయి (ప్రశ్న):

నమస్తే అండి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారికి 61. తణుకు దగ్గర పల్లెలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. సంక్రాంతి వెళ్లిన వారంలో గుండెపోటు వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్తే యాంజియో చేసి అప్పటికప్పుడే ఒక స్టెంట్ వేశారు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. ప్రాణం దక్కింది, దేవుడి దయ.

నా బాధంతా తర్వాతి సంగతి. డిశ్చార్జి రోజు డాక్టరుగారు నాలుగు మాటలు చెప్పారు. సిగరెట్ ముట్టుకోవద్దు, రోజూ అరగంట నడవండి, ఉప్పూ నూనే తగ్గించండి, మందులు ఒక్క పూట కూడా మానొద్దు. నాలుగూ ఒకే మనిషి ఒకే గదిలో చెప్పారు. మరి ఏది నిలిచిందో చూడండి.

సిగరెట్ ముప్పై ఏళ్ల అలవాటు, రోజుకో పెట్టె. ఇంటికొచ్చిన రోజునుంచే ఆపేశారు. మేమెవ్వరం ఒక్క మాట అనలేదు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని కాల్చే స్నేహితులకు "ఇక్కడ కాల్చకండ్రా, నాకు పడదు" అని తనే చెప్పేశారు. వాళ్లు ఇప్పుడు కాల్చుకోవాలంటే కాలవ గట్టు దాకా పోతున్నారు.

నడక మొదటి నెల బ్రహ్మాండంగా సాగింది. తర్వాత మోకాళ్లు అన్నారు, కుక్కలన్నారు, వానన్నారు, కొట్టు తీయాలన్నారు. నేను హైదరాబాద్ నుంచి అడుగులు లెక్కపెట్టే వాచీ కొని పంపాను. ఫోన్‌లో రోజూ తొమ్మిది వేలు, పది వేలు కనిపిస్తుంటే తెగ సంబరపడ్డాను. మొన్న ఊరెళ్తే ఆ వాచీ కొట్లో బస్తాలు మోసే కుర్రాడి చేతికుంది!

తిండి దగ్గర, అమ్మ కూరలో ఉప్పు తగ్గిస్తే ఈయన పక్కన ఆవకాయ జాడీ పెట్టుకుంటారు. పెరుగన్నంలోకి చల్ల మిరపకాయలు. అడిగితే "కూరలో తగ్గించారుగా" అంటారు.

మందుల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర పొద్దున్నా రాత్రీ వేసుకోవాలి. పొద్దున్నది తప్పదు. రాత్రి కొట్టు మూసి వచ్చేసరికి పది, తిని పడుకుంటారు, వారంలో రెండు మూడుసార్లు ఆ మాత్ర పడదు. కొలెస్ట్రాల్ మాత్రయితే రిపోర్టు నార్మల్ వచ్చిందని తనే ఆపేశారు.

21 రోజులు పట్టుగా చేయిస్తే ఏదైనా అలవాటైపోతుందని మా అన్నయ్య వాదన. నెల రోజులు నడిచారుగా, మరి ఏమైంది? రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి "నడిచారా, మాత్ర వేసుకున్నారా" అని అడుగుతాను. "ఆఁ" అంటారు. ఆ "ఆఁ" సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

గుండె జబ్బు వచ్చినవాళ్లలో కొన్ని అలవాట్లు నిలిచి, కొన్ని ఎందుకు జారిపోతాయి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. "ప్రేమగా నచ్చజెప్పండి" అనే సలహా మాత్రం వద్దండి, నా నోరు అరిగిపోయింది.

గోదారి గట్టు:

అల్లం రసం, వెల్లుల్లి రసం, నిమ్మరసం, యాపిల్ సైడర్ వెనిగర్ సమానంగా కలిపి మరిగించి, చల్లారాక తేనె కలిపి పరగడుపున మూడు చెంచాలు. బ్లాకులన్నీ కరిగిపోతాయి. మా బాబాయి వాడుతున్నారు, బైపాస్ వద్దనుకున్నారు. వాట్సాప్‌లో పూర్తి వివరం ఉంది, కావాలంటే పంపుతాను.

తెనాలి డ్రైవర్ (రిటైర్డ్):

అమ్మాయ్, నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. 2016లో బైపాస్ అయింది, మూడు గ్రాఫ్టులు. ఎడమ కాల్లోంచి నరం తీసి గుండెకు వేశారు, ఇప్పటికీ సాయంత్రానికి ఆ చీలమండ వాస్తుంది. కాబట్టి నా ఒంటి మీద జరిగిందే చెబుతాను.

నువ్వు అడిగినదానికి జవాబు నీ పోస్టులోనే ఉంది. సిగరెట్ గురించి రాసిన నాలుగు ముక్కలు మళ్లీ చదువుకో. అది ఆయన నిర్ణయం, మీరెవరూ అడగలేదు. పైగా తనొక్కడే మానడం కాదు, ఆ బల్ల దగ్గర కాల్చడమనేదే లేకుండా చేశాడు. అగ్గిపెట్టె కనపడదు, వాసన రాదు, "ఒక్కటి వెలిగించు బావా" అనేవాడు కాలవ గట్టు మీదున్నాడు. మరి నడక ఎవరిది? డాక్టరుది. వాచీ? నీది. రాత్రి ఎనిమిదింటి ఫోను నీది. ఉప్పు తగ్గించడం మీ అమ్మది. ఇది నాది అనుకోవడానికి ఆయనకేం మిగిల్చారు? డ్రైవరు వెనక సీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరిచే ప్యాసింజరు ఉంటే ఎంత నెమ్మదస్తుడికైనా కావాలనే ఇంకాస్త తొక్కాలనిపిస్తుంది. ఉద్యోగమంతా అలాంటివాళ్లను మోసినవాణ్ని, నాకు తెలుసు.

ఇక భయం. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో మనిషి భయం కొద్దీ అన్నీ చేస్తాడు. చప్పిడి కూడు తింటాడు, తెల్లారకముందే లేస్తాడు. మీ నాన్న మొదటి నెల నడక అదే. రోజులు గడిచేకొద్దీ నొప్పి రాదు, ఆయాసం ఉండదు, పని చేసుకుంటూ తిరుగుతుంటాడు, ఇక జబ్బెక్కడుంది అనిపిస్తుంది. కొలెస్ట్రాల్‌తో చిక్కే అది. మాత్ర వేసుకున్న రోజూ ఏమీ తెలీదు, మానేసిన రోజూ ఏమీ తెలీదు. పన్ను నొప్పికిచ్చిన మాత్ర ఎవడైనా మర్చిపోతాడా?

కానీ ఇంకో భయం ఉంది, అది తగ్గదు, మగాడు నోరు విప్పి చెప్పడు. నడిస్తే గుండె మీద భారం పడుతుందేమో, దారిలో ఆగిపోతుందేమో అని. బైపాస్ అయ్యాక నాకు దగ్గు వస్తే ఎదురు రొమ్ము ఎముక ఎక్కడ విడిపోతుందోనని దిండు గుండెకు గట్టిగా అదుముకుని దగ్గేవాణ్ని. అది ఆస్పత్రిలో నేర్పిన పద్ధతే. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చి గొట్టంలోంచి గాలి పీల్చమనేవారు. రెండు బంతులు లేచేవి, మూడోది కదిలేది కాదు. ఒక బంతిని లేపలేనివాణ్ని రోడ్డు మీద ఏం నడుస్తాను అనుకునేవాణ్ని. ఫిజియోథెరపీ అమ్మాయి ఒకామె నా చెయ్యి పట్టుకుని వార్డు కారిడార్ చివరిదాకా నడిపించి, వెనక్కొచ్చాక వేలికి క్లిప్పు పెట్టి అంకె చూపించి, "ఏమైంది తాతగారూ? ఏం కాలేదుగా" అంది. అప్పుడు వచ్చింది ధైర్యం. డాక్టరు పది మాటలు చెప్పినా రాని ధైర్యం. స్టెంట్ వేసినవాళ్లను త్వరగా ఇంటికి పంపేస్తారు. మీ నాన్నను పక్కనుండి ఎవరైనా నడిపించారా? లేకపోతే నువ్వు అడగాల్సింది "నడిచారా" అని కాదు. "నడుస్తుంటే ఏమనిపిస్తుంది నాన్నా" అని అడుగు. ఫోన్లో కాదు, పక్కన కూర్చుని.

నలుగురి కళ్ల సంగతి కూడా చెప్పాలి, సిటీలో ఉండేవాళ్లకు ఇది తట్టదు. పల్లెలో అరవై దాటిన మనిషి బూట్లేసుకుని ఉత్తినే రోడ్డు మీద నడిస్తే ఎదురైన ప్రతివాడూ "ఎలా ఉందండీ ఒంట్లో" అంటాడు. అంటే రోజూ పదిమందికి రోగినని చెప్పుకుంటూ నడవాలి. అదే పాలకు పోతుంటే ఎవడూ అడగడు, పొలానికి పోతుంటే అడగడు. నా నడక నిలబడింది అలాగే. మా వీధి చివరే పాల బూత్ ఉంది. దాన్నొదిలేసి కాలవ అవతలి బూత్‌కు పోవడం మొదలుపెట్టాను. అక్కడ మా డిపోలోనే చేసిన కండక్టరు ఒకడు ఉంటాడు, అతనికి షుగరు. నేను రాకపోతే ఫోన్ చేసి బూతులు తిడతాడు, అతను రాకపోతే నేను తిడతాను. నేను నడిస్తేనే మా ఇంట్లో కాఫీ. వ్యాయామం అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మీ నాన్నది ఎరువుల కొట్టు కదా. రైతు తెగులని చెబితే వెళ్లి చేను చూసి రావడం ఆ వ్యాపారంలో ఉన్నదే. బండి రోడ్డు మీద ఆపి గట్ల మీద లోపలికి నడవాల్సిందే. పొద్దున్నే, ఎండెక్కకముందు, రోజుకొకరి చేను చూసి రమ్మను. మందు కొట్టిన చేలోకి మాత్రం దిగొద్దను. కొట్టుకూ నాలుగు బేరాలు పెరుగుతాయి.

తిండి దగ్గర మా ఆవిడ నాకు ఏదీ మాన్పించలేదు, జాగాలు మార్చింది. ఆవకాయ జాడీ భోజనాల బల్ల మీంచి అటక మీదికి పోయింది. కావాలంటే స్టూలేసుకుని తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఆదివారం ముద్దపప్పులోకి దిగుతుంది, అది నా హక్కు. నూనె ఒకటో తారీఖున లీటరున్నర డబ్బాలో పోస్తుంది, మా ఇద్దరికీ నెలంతా అంతే. ఇరవయ్యో తారీఖుకే అడుగంటిందా, మిగతా రోజులు ఉడికించిన కూరలూ పులుసులూ. నాతో గొడవ లేదు, డబ్బాతోనే గొడవ.

మరొకటి రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు నాకు ఊరికే ఏడుపొచ్చేది. టీవీలో ఎవరిదో పెళ్లి చూపిస్తున్నా కళ్లలో నీళ్లు. మా అబ్బాయి చెబితే డాక్టరుగారు, ఇది చాలామందికి వస్తుంది, తగ్గకపోతే దానికీ మందుంది అన్నారు. దిగులు పట్టినవాడికి నడకెందుకు, చప్పిడి కూరెందుకు? ఇంకెన్నాళ్లులే అనుకుంటాడు. మీ నాన్న నిద్ర ఎలా ఉంది, కొట్టు లెక్కల మీద మునుపటి ధ్యాస ఉందా, మీ అమ్మను కనుక్కో.

జగిత్యాల అక్క:

అందరు నాన్న ముచ్చటనే చెప్తున్నరు. నేను ఇంకో దిక్కు నుంచి చెప్త. గుండె జబ్బు నాదే, వంట గుడ నాదే.

చిన్నప్పుడు కీళ్ల జరమొచ్చి వాల్వు ఖరాబైంది. మెటల్ వాల్వు ఏసిండ్రు. బతికున్నన్ని రోజులు రక్తం పల్చగయ్యే గోలి ఏసుకోవాలె, రక్తం ఎంత పల్చగుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంట ఉండాలె. డాక్టర్ సారు ఆకుకూరలు మానుమనలే, ప్రతి వారం ఒక్కతీరుగ తినుమన్నడు. పాలకూర, తోటకూర, మునగాకులల్ల విటమిన్ కె ఉంటదట. ఒక వారం దండిగ తిని ఇంకో వారం ముట్టకపోతే గోలి పనితనం కిందమీద అయితది. మా ఇంట్ల ఏమైతుండెనంటే, అంగట్ల తోటకూర అగ్గువకు దొరికిందని మా ఆయన నాలుగు కట్టలు తెస్తుండె, వారమంత అదే కూర. రిపోర్టు చూసి సారు నన్ను కోపం చేస్తుండె. అప్పుడు పరీక్ష కాయితం తీసి ఫ్రిజ్ తలుపుకు అతికిచ్చిన. మంగళారం ఒక కట్ట, శుక్రారం ఒక కట్ట, గంతే. ఇప్పుడు మా చిన్నోడు అంగడికి పోయే ముంగట అది చూసి పోతడు.

మొగోళ్లకు గుండెనొప్పి వస్తే ఇంటి వంటంత మారుతది. అదే ఆడామెకు వస్తే, అందరికి మామూలు కూర ఒండి, తనకు చప్పగ వేరే ఒండుకోవాలె. రెండు వంటలు ఎన్ని రోజులు చేస్తది? యాష్టకొచ్చి అందరి కూరనే తింటది. అప్పుడు "నీకు నాలుక కట్టుబడి లేదు" అంటరు. మా ఇంట్ల ఇప్పుడు ఒక్కటే గంజు, ఒక్కటే ఉప్పు. ఎక్కువ కావాల్నంటే కంచంల ఏసుకోండ్రి అన్న. మొదలు మొకాలు మాడ్చుకున్నరు, ఇప్పుడు బయటి కూర తింటే వాళ్లకే ఉప్పెక్కువ అనిపిస్తది.

గోలీల రంగు సంగతి గుడ చూడుండ్రి. మందుల షాపాయన కంపెనీ మార్చి ఇచ్చిండనుకో, పసుపు గోలి తెల్లగైతది. మా అత్తమ్మ "ఇది నాది కాదు" అని బీపీ గోలి పక్కకు పెట్టింది, ఎవ్వలకు చెప్పలే. పాత పట్టీ, కొత్త పట్టీ రెండు పక్కపక్కన పెట్టి, పేరు ఒక్కటే అని చూపిస్తె నమ్మింది.

ఇంకొక్క మాట చెల్లె. మీ పోస్టంత చదివిన. అమ్మ ఒండుతది, అమ్మ తగ్గిస్తది, అమ్మ చూస్తది. ఆమె బీపీ ఎవ్వలన్న చూసిండ్రా?

వైజాగ్ ఫిజియో:

గుండె ఆపరేషన్లూ స్టెంట్లూ అయినవాళ్లతో నడిపించే పనే నాది. డ్రైవరుగారు చాలావరకు చెప్పేశారు, మిగిలినవి రాస్తాను.

ముందు కషాయం గురించి. అల్లం, వెల్లుల్లి కూరలో హాయిగా వేసుకోండి. స్టెంట్ పడిన ఏడో నెలలో మాత్రలకు బదులుగా మాత్రం తాగొద్దు. లోపల పేరుకున్న కొవ్వు పూడికను ఏ రసమూ కరిగించదు.

తణుకు అమ్మాయిగారూ, మీ పోస్టులో నడక కంటే ముందు చూడాల్సింది రాత్రి మాత్ర. గుండెపోటుతో స్టెంట్ వేసినవాళ్లకు ఆస్పిరిన్‌తో పాటు ఇంకో మాత్ర సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు, స్టెంట్ లోపల గడ్డ కట్టకుండా. రోజుకు రెండుసార్లు అంటున్నారు కాబట్టి అది టికాగ్రెలార్ అయి ఉండొచ్చు. దాని పని పన్నెండు గంటల లెక్కన నడుస్తుంది, అందుకే రెండు పూటలు. కొట్లోనే, గల్లా పెట్టె పక్కన, రాత్రి మాత్ర ఒక డబ్బాలో ఉంచితే సరిపోవచ్చు. లెక్క చూసుకుని గల్లా మూసేటప్పుడు వేసుకుంటారు, రోజూ చేసే పనికి అది తగులుకుంటుంది. అప్పటికీ తప్పుతుంటే రోజుకొకసారి వేసుకునే మందుకు మార్చవచ్చా అని కార్డియాలజిస్టును అడగండి. మీ అంతట మీరు మార్చొద్దు.

కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లే. పైగా ల్యాబ్ కాగితం మీద అచ్చువేసిన నార్మల్ గుండెపోటు రానివాళ్లది. మీ నాన్నగారికి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 70 లోపు ఉండాలి, 2019 నాటి యూరప్ మార్గదర్శకాలయితే 55 లోపు అంటాయి. "మీ నార్మల్ వేరండీ" అని ఆ అంకె చూపిస్తే చాలామంది మళ్లీ మొదలుపెడతారు. తగ్గింది కదా అని ఆపడంలో ఆయన తర్కం ఆయనకుంది, ఎవరూ దాన్ని సరిచేయలేదంతే.

మీ నాన్నగారు మొండివారని మాత్రం అనుకోకండి. ప్యూర్ అని 17 దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఉంది, మన దేశం కూడా అందులో ఉంది. గుండె జబ్బు గానీ పక్షవాతం గానీ వచ్చిన 7,519 మందిని చూస్తే, పొగ మానడం, బాగా ఒళ్లు కదల్చడం, మంచి తిండి, ఈ మూడూ పాటిస్తున్నవాళ్లు 4.3 శాతం. ఒక్కటీ పాటించనివాళ్లు 14.3 శాతం. 2013లో వచ్చిన లెక్క ఇది. అంటే ఎక్కువమంది మధ్యలోనే ఉన్నారు, మీ నాన్నగారిలా. పేద దేశాల్లో పొగ మానినవాళ్లు ఇంకా తక్కువ, ఆ కష్టమైన పనిని మీ నాన్నగారు చేసేశారు.

అన్నయ్యగారి 21 రోజులకు ఆధారం లేదు. లండన్‌లో 96 మంది మీద చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. ఒక చిన్న పని ఆలోచన లేకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాలేదు. నా దగ్గరకొచ్చేవాళ్లలో నడక మానేసినవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే, "వానకు రెండ్రోజులు పోయిందండీ, ఇంక పోయినట్టే అనుకున్నా" అని.

ఎంత వేగం అంటే, నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ నెమ్మదిగా. తిన్న వెంటనే వద్దు. ఛాతీలో బరువు, దవడకో చేతికో లాగడం, కళ్లు తిరగడం, చెమటలు ఏది వచ్చినా అక్కడే కూర్చోవాలి. డాక్టరు నాలిక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చి ఉంటే కూర్చునే పెట్టుకోవాలి, బీపీ పడుతుంది కాబట్టి నిలబడి కాదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. స్కూటరెక్కి ఇంటికి రాకూడదు.

నడక అసలు ఇష్టమే లేకపోతే యోగా కూడా దారే. మన దేశంలో 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన దాదాపు నాలుగు వేల మందితో యోగా-కేర్ అని పరీక్షించారు. మళ్లీ గుండెపోట్లూ మరణాలూ తగ్గాయని గట్టిగా తేలలేదు గానీ, నేర్చుకున్నవాళ్లు మునుపటి పనుల్లోకి బాగా తిరిగి వెళ్లారు, మా ఆరోగ్యం బాగుందని చెప్పుకున్నారు. శీర్షాసనాలు కావు, మెల్లటి ఆసనాలూ శ్వాసా.

ఉప్పు రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, పచ్చడీ అప్పడమూ బిస్కెట్లూ అన్నీ కలిపి. సైంధవ లవణం, కల్లుప్పు కూడా ఉప్పే. లో సోడియం అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకూ కిడ్నీ తేడా ఉన్నవాళ్లకూ ప్రమాదం. అడగకుండా కొనొద్దు.

గోదారి గట్టు:

సరే, మా బాబాయికి టెస్టులు చేయించమని చెబుతాను. వంటింట్లోవే కదా అనుకున్నాం.

తణుకు అమ్మాయి:

అందరికీ దణ్ణాలండి. శనివారం ఊరొచ్చాను. మధ్యాహ్నం కొట్లో జనం లేనప్పుడు డ్రైవరు బాబాయిగారు చెప్పినట్టే అడిగాను. కాసేపు రసీదు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నారు. తర్వాత చెప్పారు. రెండో నెలలో కాలవ గట్టు మీద నడుస్తుంటే గుండె దడదడా కొట్టుకుందట. తెల్లారలేదు, ఒక్కరే ఉన్నారు. "ఇక్కడ పడిపోతే తూటుకాడలో దొర్లిపోతాను, ఎవడికీ కనపడను" అనుకుని అక్కడే మైలురాయి మీద కూర్చుండిపోయారట. అమ్మ కంగారు పడుతుందని ఇంట్లో చెప్పలేదు. ఆ మర్నాటి నుంచే మోకాళ్ల నొప్పి మొదలైంది.

చేను చూసే సంగతి చెబితే వెంటనే సరేనన్నారు. "అది నడకేంటి, వ్యాపారం" అన్నారు.

జగిత్యాల అక్కా, అమ్మకు చూపించాం. 160, 100 ఉంది. ఆవిడ మాత్రం "వంట హడావుడిలో చూశారు, అందుకే" అంటోంది.

సోమవారం ఇద్దర్నీ రాజమండ్రి తీసుకెళ్తున్నాను. డాక్టరుగారిని ఏమేం అడగాలి?

వైజాగ్ ఫిజియో:

ఆ దడ సంగతి తప్పకుండా చెప్పాలి. ఎప్పుడు, ఎంతసేపు, కళ్లు తిరిగాయా, తర్వాత మళ్లీ వచ్చిందా, ఇవన్నీ అడుగుతారు. ఈసీజీ, ఎకో చూసి, అవసరమనుకుంటే ఒక రోజంతా ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ గానీ ట్రెడ్‌మిల్ పరీక్ష గానీ రాస్తారు. అవి అయ్యేదాకా చీకట్లో ఒంటరి నడక వద్దు, కొట్టు చుట్టుపక్కల నెమ్మదిగా తిరిగితే చాలు. ఫర్వాలేదని డాక్టరు అన్నాక, ఆ ఆస్పత్రిలోనే ఫిజియో ఉంటే ఆరు నిమిషాల నడక పరీక్ష చేయమనండి. ఎవరైనా పక్కనుండగా నడిచి, నాడీ బీపీ తన కళ్లతో చూసుకోవడం ఆయనకు చాలా అవసరం.

అమ్మగారి బీపీ ఒక్కసారి చూసి తేల్చరు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు. అక్కడ వంట లేదు కాబట్టి ఆ సాకు పనికిరాదు.

జగిత్యాల అక్క:

అమ్మను ముందు చూపిచ్చుండ్రి, నాన్న వెనకాల. లేకపోతే "టైమైంది, మల్ల వద్దాం" అని లేచొస్తది.

తెనాలి డ్రైవర్ (రిటైర్డ్):

డిశ్చార్జి కాగితం, యాంజియో సీడీ, ఇప్పటిదాకా వచ్చిన రిపోర్టులు, ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మానేసినవి కూడా. పేర్లు చెప్పబోతే తడబడతారు, పట్టీలే బల్ల మీద పెట్టండి.

లోపలికెళ్లాక నువ్వు మాట్లాడకు. కాలవ గట్టు సంగతి ఆయన నోటితోనే చెప్పనివ్వు, ఎంతసేపు పట్టినా సరే. సోమవారం ఓపీ కిటకిటలాడుతుంది, తెల్లారుజామునే బయల్దేరి చీటీ తీసుకోండి. రక్త పరీక్ష పరగడుపున అంటారేమో ముందే ఫోన్ చేసి కనుక్కో, అవునంటే టిఫిన్ డబ్బా కట్టుకెళ్లండి, క్యాంటీన్ పూరీల జోలికి పోకుండా.